అన్నం మానేస్తే సరిపోతుందా? సన్నబియ్యం, జొన్నరొట్టె, మధ్యలో మన కంచం

హనుమకొండలో మొన్న ఒక పూలుపండ్ల వేడుకలో భోజనాల బంతిలో కూర్చున్నాం. బగారా అన్నం గిన్నెతో కుర్రాడు రాగానే మా చిన్నమ్మ కంచానికి చేయి అడ్డం పెట్టి "నాకు వద్దు బాబూ, షుగర్" అంది. పక్కనున్న మా బావ "నేను అన్నం మానేసి ఆరు నెలలు, రెండు పూటలా రొట్టెలే" అన్నాడు కాస్త గర్వంగా. ఎదురు బంతిలోని పెద్దాయన మారు వడ్డించుకుంటూ "మా నాయన తొంభై ఏళ్ళు అన్నమే తిన్నాడు, ఏమైంది?" అని అడిగాడు. కాసేపటికి మిఠాయిలు వచ్చాయి. అన్నం వద్దన్న చిన్నమ్మ డబుల్ కా మీఠా రెండుసార్లు పెట్టించుకుంది.

నవ్వుకోవడానికి చెప్పడం లేదు. ఈ మధ్య ఏ ఇంట్లో చూసినా ఇదే చర్చ. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం వచ్చాయి, మనిషికి నెలకు 6 కిలోలు, ఉచితంగా. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం అంతకు రెండేళ్ళ ముందే, 2023లో చెప్పింది. అదే 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అంటే ఒక చేత్తో బియ్యం సంచి అందుకుంటున్నాం, ఇంకో చేత్తో ఫోనులో అన్నం విషమనే వీడియో చూస్తున్నాం. ఎవరికైనా తికమకగానే ఉంటుంది.

వరి ఇక్కడికి ఎప్పుడు వచ్చింది?

"మన పెద్దలు జొన్నలే తిన్నారు, అన్నం మనది కాదు" అనే మాట ఇటీవల బాగా వినిపిస్తోంది. ఇందులో నిజం సగమే. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల నాటివి, దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందటివి. వాటి ఆయకట్టులో వరి పండుతూనే ఉంది. కాకపోతే చెరువు కింద మడి ఉన్న ఇంటి కంచం వేరు, మెట్ట మీద బతికే ఇంటి కంచం వేరు. మెట్ట మీద జొన్న, మక్క, సజ్జ, కొర్ర, తైదలు. తైదలంటే రాగులే, మనవైపు పేరు అది. అక్కడ పొద్దున అంబలి, మధ్యాహ్నం గటక, అంటే జొన్న రవ్వ ఉడికించిన ముద్ద. తెల్లన్నం పండుగకో, చుట్టం వచ్చినప్పుడో ఉడికేది.

తర్వాత శ్రీరాంసాగర్ కాలువలు, బోరుబావులు వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఒకటి రెండు తరాల్లోనే పండుగ తిండి రోజువారీ తిండి అయింది. మా అవ్వ దృష్టిలో రోజూ తెల్లన్నం వండుకోవడమంటే ఇల్లు నిలదొక్కుకోవడం. గటక పేరెత్తితే ఆమె ముఖం చిట్లించేది, అది ఆమెకు లేమిని గుర్తుచేసేది. ఇప్పుడు అదే గటకను ఆరోగ్యాహారమని అమ్ముతున్న దుకాణాన్ని చూస్తే ఏమనేదో.

ఎదురు బంతి పెద్దాయన వాదనకూ ఇక్కడే జవాబు చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేది. పసిపిల్లల మరణాలు, అంటురోగాలు దానికి పెద్ద కారణాలు, తిండి ఒక్కటే కాదు. కాబట్టి "జొన్నలు తిని నూరేళ్ళు బతికారు" అనే మాట ఎంత బలహీనమో, "అన్నం తిని తొంభై ఏళ్ళు బతికాడు" అనే మాటా అంతే. తొందరగా పోయినవాళ్ళ సంగతి బంతి భోజనాల్లో ఎవరూ ఎత్తరు. ఆ తాతగారి విషయంలో పెద్ద తేడా ఇంకొకటుంది. నాగలి పట్టి, నీళ్ళు కట్టి వచ్చిన మనిషి కండరాలు తిన్న అన్నంలోని చక్కెరను పీల్చేసుకుంటాయి. రోజంతా కుర్చీలో కూర్చున్న మనిషికి అది రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది.

జీఐ అనే రెండక్షరాలు, రెండు అర్థాలు

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ వచ్చింది. తెలంగాణ సోనా బియ్యానికి జీఐ తక్కువ. ఈ రెండు వార్తలూ విన్న మా బావ "మన మిర్చి తింటే కూడా షుగర్ రాదట" అని నమ్మకంగా చెప్పాడు. మిర్చికి వచ్చింది భౌగోళిక గుర్తింపు, అంటే ఈ నేలకు చెందిన పంట అనే ముద్ర. బియ్యానికి చెప్పేది గ్లైసీమిక్ ఇండెక్స్. వీటి మధ్య ఏ బంధుత్వమూ లేదు.

గ్లైసీమిక్ ఇండెక్స్ అంటే ఒక పదార్థంలోని పిండిపదార్థం ఎంత వేగంగా రక్తంలో చక్కెరగా మారుతుందో చెప్పే అంకె. 50 గ్రాముల పిండిపదార్థం ఉన్నంత ఆహారం మనిషికి పెట్టి, రెండు గంటల పాటు రక్తంలో చక్కెర చూస్తారు. అంతే గ్లూకోజు తాగినప్పుడు వచ్చే పెరుగుదలను 100 అనుకుని దీన్ని దానితో పోలుస్తారు. 55 లోపు వస్తే తక్కువ, 70, అంతకు మించితే ఎక్కువ. మామూలు పాలిష్ సన్నబియ్యం దాదాపు 70 దగ్గర ఉంటాయి. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048 రకం, 51 చిల్లర. కాబట్టి "షుగర్ బియ్యం" అన్న పేరు గాలిలోంచి పుట్టలేదు.

అయితే ఆ అంకె వేగాన్నే చెబుతుంది. మనం ఎంత తిన్నామో దానికి తెలియదు. అది కూడా కలిపి చూసేది గ్లైసీమిక్ లోడ్: తిన్న పిండిపదార్థాన్ని ఇండెక్స్‌తో గుణించి వందతో భాగిస్తే వస్తుంది.

మారు వడ్డన లెక్క

వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మామూలు సన్నబియ్యం వంద గ్రాములు వండుకుని ఒక పూట తింటే లోడ్ 78 × 70 ÷ 100, దాదాపు 55. తెలంగాణ సోనా అయితే అదే కొలతకు దాదాపు 40. తేడా మంచిదే.

ఇప్పుడు సోనా కాబట్టి ఫరవాలేదని ఇంకో రెండు గరిటెలు పెట్టించుకున్నారనుకుందాం, మొత్తం 150 గ్రాముల బియ్యం. పిండిపదార్థం 117 గ్రాములు, లోడ్ 60. మామూలు బియ్యం తిన్నవాడిని దాటేశారు. అదే మామూలు బియ్యం 70 గ్రాములకే ఆగితే లోడ్ 38, సోనా వంద గ్రాములకు కాస్త తక్కువే.

మా బావ రొట్టెలకూ ఇదే త్రాసు పెడదాం. జొన్నపిండి వంద గ్రాముల్లో దాదాపు 68 గ్రాముల పిండిపదార్థం. ఒక్కో రొట్టెకు 50 గ్రాముల పిండి చొప్పున మూడు రొట్టెలంటే 102 గ్రాములు. రొట్టె ఇండెక్స్ 60 అనుకున్నా లోడ్ 61. ఆయన గర్వానికి ఈ అంకె అంతగా సాయపడదు. జొన్నకు దక్కాల్సిన మార్కులు వేరేచోట ఉన్నాయి. వంద గ్రాముల్లో 10 గ్రాముల పీచు ఉంటుంది, తెల్లబియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. పైగా రొట్టె నమలాలి. నమిలేదాన్ని మనిషి వేగంగా మింగలేడు, మూడో రొట్టె దగ్గర ఆగుతాడు. చారుతో కలిపిన అన్నానికి అలాంటి ఆనకట్ట లేదు.

సద్దన్నం గురించీ అడుగుతుంటారు. వండిన అన్నం చల్లారినప్పుడు అందులోని పిండిలో కొంత భాగం తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. లాభం ఉంది గాని, చిన్నది.

గటక వేరు, గిర్ని పిండి వేరు

2025లో ఇండియాబ్ బృందం నుంచి ఇంకో విశ్లేషణ వచ్చింది, ఈసారి మనం ఏం తింటున్నామన్న దానిపై. మన ఆహార శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, అందులో ఎక్కువ భాగం పాలిష్ ధాన్యం, చక్కెర వంటివేనని తేల్చింది. నాకు ఆసక్తిగా అనిపించింది ఆ తర్వాతి మాట. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా, తెల్లబియ్యం స్థానంలో గోధుమపిండినో చిరుధాన్యాల పిండినో పెట్టినంత మాత్రాన మధుమేహం ముప్పు తక్కువగా కనిపించలేదు. పిండిపదార్థంలో కొంత తీసి పప్పులు, పాలు, పెరుగు వంటి మాంసకృత్తులు పెట్టినప్పుడు తక్కువగా కనిపించింది.

చిరుధాన్యాల ప్రేమికులకు ఇది రుచించదు. వాళ్ళ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. ధాన్యాన్ని ఎంత మెత్తగా ఆడిస్తే అంత త్వరగా అరుగుతుంది. మన అవ్వలు వండిన గటకలో జొన్న రవ్వగా పగిలి ఉండేది, గింజ రూపం పూర్తిగా పోయేది కాదు. ఇప్పుడు గిర్నిలో పౌడరులా పట్టించి, జల్లెడ కూడా పట్టి చేసే రొట్టె ఆ గటకకు దూరపు చుట్టమే. కొర్రలు, సామలు కూడా పొట్టు మొత్తం తీసి తెల్లగా అమ్మితే అదే దారి. పైగా చిరుధాన్యాల వాదం షుగర్ ఒక్కదాని గురించి పుట్టలేదు. తక్కువ నీళ్ళతో మెట్టలో పండుతాయి, తైదల్లో వంద గ్రాములకు 364 మిల్లీగ్రాముల సున్నం, అంటే కాల్షియం, ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. ఇవి నిలబడే వాదనలు. షుగర్‌కు మందు అన్న వాదన మాత్రమే ఎక్కువ బరువు మోయలేదు.

పావుకిలో వంకాయలు, నలుగురు మనుషులు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి అందులో చెప్పిన కొలతలివి: ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు గుడ్లు మాంసం కలిపి 85, పల్లీలు నువ్వుల వంటివి 35, నూనె 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు.

దీన్ని పక్కన పెట్టుకుని మా వంటింట్లో ఒక రోజు తూకం వేశాను. నలుగురం. మధ్యాహ్నం కూర పావుకిలో వంకాయలు, అంటే మనిషికి 62 గ్రాములు. రాత్రి అంతే బెండకాయ. రోజు మొత్తానికి 125 గ్రాములు, చెప్పినదాంట్లో మూడో వంతు కూడా లేదు. పప్పు వంద గ్రాములు నలుగురికి, తలా 25 గ్రాములు. కందిపప్పులో నూటికి 22 పాళ్ళు మాంసకృత్తులు కాబట్టి దక్కింది ఐదున్నర గ్రాములు. బియ్యం మాత్రం మనిషికి 300 గ్రాములు తేలాయి. 1068 కేలరీలు, రోజు అవసరంలో సగానికి పైన ఒక్క అన్నం నుంచే. తూకం వేయకముందు మాది చక్కటి ఇంటి భోజనమని నేను ఎవరితోనైనా పందెం కాసేవాణ్ణి.

మన వంటలో కూర అన్నానికి తోడుగా వస్తుంది, రంగు రుచి అంటించడానికి. పచ్చిపులుసైతే సరేసరి, ఒక గిన్నె పులుసు నాలుగు గరిటెల అన్నాన్ని లోపలికి తోస్తుంది. మార్గదర్శకాలు అడుగుతున్నది ఈ వరుసను తిరగేయమని. బియ్యం 200 గ్రాములకు తెచ్చి, పప్పు రెట్టింపు చేసి, కూర మూడింతలు చేస్తే కంచం నిండుగానే ఉంటుంది, కేలరీలు పెద్దగా పెరగవు. ఆ కంచంలో ఉన్నది అన్నమా రొట్టెనా అన్న ప్రశ్న అప్పుడు చిన్నదైపోతుంది.

కాని ఒక గట్టి అభ్యంతరం ఉంది. మనిషికి 400 గ్రాములంటే నలుగురికి రోజుకు కిలో 600 గ్రాముల కూరగాయలు. ఎన్ని ఇళ్ళు కొనగలవు? నెలకు 6 కిలోల రేషన్ బియ్యమంటే రోజుకు తలా 200 గ్రాములు, డబ్బు ఖర్చు లేకుండా. కంచంలో ధాన్యం వాటా ఎక్కువ కావడానికి నాలుక ఎంత కారణమో జేబూ అంతే. గట్ల మీద దొరికే గంగవాయిలి, పొన్నగంటి, తోటకూర ఒకప్పుడు ఈ లోటు కొంత పూడ్చేవి. కలుపుమందులు వచ్చాక గట్టు మీద ఆకుకూర ఏరుకోవడానికి ఎవరు సాహసిస్తారు? పుంటికూర, అంటే గోంగూర, మాత్రం ఇంకా చవకగా దొరుకుతోంది, అంతవరకు అదృష్టం.

ఇంకో సంగతి తూకంలో దొరకదు. వండిన మనిషి చివర తింటుంది. అప్పటికి కూర గిన్నె అడుగంటి, అన్నం, చారు, తొక్కు మిగులుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇంటి సగటు లెక్కలో నలుగురికీ సమానంగా పంచిన ఆ 62 గ్రాముల వంకాయ నిజానికి సమానంగా పంచింది కాదు.

ఇంటి వంటైతే చాలా?

హోటల్ నూనె మళ్ళీ మళ్ళీ మరిగినది, ఇంట్లో ఏం వేశామో మనకు తెలుసు. ఈ మేరకు ఇంటి వంట గెలుస్తుంది. అంతకు మించి మార్కులు వేసే ముందు సర్వపిండిని చూడండి. వంద గ్రాముల బియ్యప్పిండి 356 కేలరీలు, పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి మరో రెండు వందలు, సర్వలో చుట్టూ, వేలితో పొడిచిన రంధ్రాల్లో పోసిన రెండు పెద్ద చెంచాల నూనె రెండు వందల యాభై. మొత్తం ఎనిమిది వందల పైన. అద్భుతమైన వంట, పీచూ మాంసకృత్తులూ ఉన్నాయి, కాని అది ఒక పూట భోజనం. మనం దాన్ని సాయంత్రం చాయ్‌తో తిని, రాత్రి అన్నానికి కూర్చుంటాం.

నూనె లెక్క నెలాఖరున డబ్బాయే చెబుతుంది. ఐదు లీటర్లు నలుగురికి నెలలో అయిపోతే తలా రోజుకు 38 గ్రాములు, 27 ఎక్కడ, 38 ఎక్కడ. ఉప్పు కిలో ప్యాకెట్ అయిపోతే తలా 8 గ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 లోపు. తొక్కులో ఉన్న ఉప్పు ఇందులో కలపలేదు, కలిపితే ఆవకాయ మీద మనసు విరుగుతుందని.

భయం కంచంలోకి వచ్చినప్పుడు

చిన్నమ్మ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆమె లెక్కలో అన్నం పాపం, దాన్ని వద్దన్నందుకు వచ్చిన పుణ్యంతో మిఠాయి కొనుక్కుంది. ఆ మిఠాయి నెయ్యిలో వేయించి చక్కెర పాకంలో నానబెట్టిన బ్రెడ్డు. తిండిని మంచిది, చెడ్డది అని రెండు గంపల్లో వేస్తే మనసు ఇలాంటి బేరాలే ఆడుతుంది. తినకూడనిదని గీత గీసినదాని మీదే ధ్యాస, దాటినప్పుడు అపరాధభావం, దాన్ని కడుక్కోవడానికి మర్నాడు ఉపవాసం.

ఈ పట్టుదల ముదిరితే ఏమవుతుందో వైద్యులు గమనించారు. స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు 1997లో దీనికి ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడు: శుద్ధమైన ఆహారం మీద ధ్యాస ఎంతగా పెరుగుతుందంటే మనిషి చుట్టాల ఇంట్లో తినలేడు, విందుకు వెళ్ళలేడు, చివరకు పోషకాలు తక్కువై నీరసిస్తాడు. దీన్ని ఇంకా అధికారికంగా ప్రత్యేక జబ్బుగా గుర్తించలేదు, వాదోపవాదాలు నడుస్తున్నాయి.

ఎదుటి పక్షమూ వినాలి. నిజంగా మధుమేహం ఉన్నవాళ్ళకు హద్దు అవసరమే, "అన్నీ కొంచెం కొంచెం తినొచ్చు" అన్న మెత్తటి మాట కొందరికి ఏ హద్దూ లేనట్టే వినిపిస్తుంది. ఖచ్చితమైన నియమం ఉంటేనే నిలబడగలిగేవాళ్ళను నేనూ చూశాను. మా బావ ఆరు నెలల్లో బరువు తగ్గిన మాట నిజం, రొట్టె వల్లో, మూడో రొట్టె దగ్గర ఆగడం వల్లో. అయితే ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగర్ మాత్రలు గాని వాడేవాళ్ళు ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది. మందు మోతాదు పాత కంచాన్ని బట్టి రాసినది.

విందుల విషయంలో నాకు సాయపడింది ఒక చిన్న కూడిక. రెండు పూటల చొప్పున ఏడాదికి 730 భోజనాలు. సంక్రాంతి సకినాలు, సద్దుల బతుకమ్మ నాటి ఐదారు రకాల సద్దులు, పెళ్ళిళ్ళు, దావత్‌లు అన్నీ కలిపి ధారాళంగా 70 తీసేసినా ఇంకా 660 మిగులుతాయి. ఆ బగారా అన్నం ఈ డెబ్బైలో ఒకటి. పావుకిలో వంకాయలు ఆ ఆరువందల అరవైలో ఉన్నాయి.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ రోడ్డు పక్క జొన్నరొట్టెల బండి దగ్గర ఆగాను. బావకు నాలుగు కట్టించాలి. అరచేతుల మధ్య రొట్టె తిప్పుతున్న పెద్దావిడను ఊరికే అడిగాను, ఇంటికి వెళ్ళి మీరు కూడా రొట్టేనా అమ్మా అని.

"లేదు బిడ్డా, అన్నమే. ఇంతసేపు ఈ పెనం ముందు కూర్చున్నాక రొట్టె ముఖం చూడబుద్ధి కాదు."

కూర ఏమిటన్నాను.

"పుంటికూర పప్పు. పొద్దునే వండి పెట్టి వచ్చాను, గిన్నెడు" అని పెనం మీది రొట్టె మీద తడి గుడ్డ అద్దింది.